ఆస్తుల మేలుకొలుపు

తుమ్మలేరు పురపాలక సంఘంలో మేనేజరు కోదండపాణికి రెండు ఉద్యోగాలు. ఏడాదంతా చేసేది ఒకటి, శ్రీరామనవమి నాడు చేసేది ఒకటి. ఏడాదంతా చేసేదానికి జీతమిస్తారు. నవమి నాడు ఆయన వీరకేతు మహారాజు. దానికి జీతం లేదు సరికదా, కిరీటానికి తగరం కాగితం కూడా తనే కొనుక్కోవాలి. అయినా ఎవరైనా "మీరేం చేస్తుంటారండీ?" అని అడిగితే ఆయన నోటికి ముందొచ్చేది రెండోదే.

'వీరకేతు విజయం' అనే ఆ పద్యనాటకాన్ని రాసింది ఒకప్పుడు తుమ్మలేరు హైస్కూల్లో పనిచేసిన తెలుగు మాస్టారు. పొరుగూళ్లవాళ్లకి దాని పేరు కూడా తెలియదు. తుమ్మలేరులో మాత్రం కూరగాయలమ్మే ఆవిడ దగ్గర్నుంచి కాలేజీ ప్రిన్సిపాలు దాకా అందరికీ కంఠతా వచ్చు. మోసగాళ్ల చేతిలో రాజ్యం పోగొట్టుకున్న రాజు కోట విడిచిపోతూ, గోడగోడకీ చేతులెత్తి వీడ్కోలు చెప్పే పద్యం ఒకటుంది అందులో. కోదండపాణి దాన్ని సింధుభైరవిలో ఎత్తుకుని, చివరి పాదం దగ్గర ఊపిరి బిగబట్టి రాగం తీశాడంటే జనం లేచి నిలబడి "వన్స్ మోర్!" అని అరుస్తారు.

అరిస్తే పద్యం మొదటినుంచీ మళ్లీ పాడాలి. అది తుమ్మలేరు ధర్మం. ఒక ఏడు కోదండపాణికి జ్వరమొస్తే పై ఊరి నుంచి ఓ నటుణ్ణి పిలిపించారు. ఆయన వన్స్ మోర్ వినబడనట్టు నటించి తర్వాతి సీనులోకి జారుకోబోయాడు. ఊరు ఆయన్ని కొట్టలేదు, తిట్టలేదు. ఆయన మళ్లీ పాడేదాకా తర్వాతి సీను మొదలవనివ్వలేదు, అంతే.

ఈ వైభవమంతా జరిగేది పురజన కళామందిరంలో. ఆ హాలు కట్టేటప్పుడు బట్టీవాళ్లు సున్నమిచ్చారు, కలప అడితీవాళ్లు దూలాలిచ్చారు, ఇవ్వడానికి ఏమీ లేనివాళ్లు ఇటుకలు మోశారు. కోదండపాణి తండ్రి ఆ మోసినవాళ్లలో ఒకడు. కట్టడం పూర్తయ్యాక, బాగోగులు చూడమని దాన్ని మునిసిపాలిటీకి అప్పగించారు. పాలకి పిల్లిని కాపలా పెట్టొద్దన్నవాళ్లు ఆనాడూ ఉన్నారు గాని, శుభమా అంటుంటే అపశకునం మాటలెందుకని వాళ్ల నోళ్లు మూయించారు.

ఇలా ఉండగా తుమ్మలేరుకి కొత్త కమిషనర్ వచ్చారు. నిరంజన్ గారు కుర్రవాడు, కష్టజీవి, లంచం ముట్టనివాడు. అందువల్ల ఆయన్ని ఆపడం ఎవరి తరమూ కాలేదు. వచ్చిన కొత్తలోనే ఆయన్ని ఏదో చల్లటి కొండమీద ఊరికి శిక్షణకి పంపారు. వెళ్లేముందు ఆయనకి ఊళ్లో భవనాలు కనబడేవి. తిరిగొచ్చాక ఆస్తులు కనబడటం మొదలెట్టాయి.

కౌన్సిల్ సమావేశంలో ఆయన గొంతు సవరించుకుని అన్నారు: "మన పట్టణంలో అనేక ఆస్తులు నిద్రపోతున్నాయి. ఆదాయాన్ని ఉత్పత్తి చేయని ప్రతి భవనమూ నిద్రాణ ఆస్తియే. అట్టి నిద్రాణ ఆస్తులను మేలుకొలిపి, వాటి విలువను విముక్తం గావించి, విముక్త విలువను పట్టణ పునరభివృద్ధిలో పునర్నియోగించవలసిన చారిత్రక తరుణం ఆసన్నమైంది."

ఛైర్మన్ వరాలయ్య లేచి నిలబడి "అధ్యక్షా!" అన్నాడు. అధ్యక్షుడు ఆయనే. కాని చాలాకాలం కౌన్సిలరుగా ఉన్నందువల్ల ఆ అలవాటు పోలేదు. "అధ్యక్షా, అంటే అమ్మేద్దామనే గదండీ కమిషనర్ గారు సెలవిచ్చేది?"

కమిషనర్ నొచ్చుకున్నారు. "అమ్మకం అనకండి. మేలుకొలుపు అనండి."

కారణం కూడా చెప్పారు. పునరభివృద్ధికి పైనుంచి గ్రాంటు వస్తుంది. కాని మార్చి నెలాఖరులోగా మునిసిపాలిటీ తన వాటా చూపించాలి. చూపించడానికి ఖజానాలో ఏమీ లేదు. ఏమీ లేనివాడు ఉన్నది అమ్ముకోవడం లోకంలో ఉన్నదే గనక, కౌన్సిల్ బల్లలు చరిచి తీర్మానం చేసింది.

వేలం వెయ్యడానికి గొంతున్నవాడు కావాలి. అందరూ కోదండపాణి వైపు తిరిగారు. ఆయన కాదనలేదు. పదవీ విరమణకి దగ్గరపడ్డ ఉద్యోగి కాదనే మాట మర్చిపోయి చాలా ఏళ్లవుతుంది.

మొదట పఠన మందిరం మేలుకొంది. అక్కడ ముసలివాళ్లు ఒక్క పేపరుని విడదీసుకుని తలో పేజీ చదువుతుండేవాళ్లు. వేలంలో దాన్ని పున్నారావు పాడుకున్నాడు. రొయ్యల మేత వ్యాపారం కాబట్టి ఊళ్లో అతన్ని మేతల పున్నారావు అంటారు. తెల్లారేసరికి బెంచీల స్థానంలో మేత బస్తాలు వెలిశాయి. మనిషి చెడ్డవాడు కాదు. ముసలివాళ్లని బస్తాల మీద కూచుని పేపరు చదువుకోమన్నాడు. వాళ్లు ఓ వారం ప్రయత్నించి, ఆ వాసన కంటే ఇంటి రాజకీయాలే నయమని ఇంటికి పోయారు.

తర్వాత ప్రసూతి కేంద్రం. అక్కడికి ఒకసారి వచ్చినవాళ్లు మళ్లీ వెంటనే రావడం లేదనీ, ఇట్టి వినియోగదారుల మీద ఆధారపడి ఏ సంస్థా మనజాలదనీ కమిషనర్ రాశారు. అదీ పున్నారావుకే వెళ్లింది. ఆ తర్వాత ఆడవాళ్ల కుట్టు శిక్షణ కేంద్రం. అక్కడ మిషన్లు రోజంతా టకటకలాడుతూనే ఉండేవి గనక దాన్ని నిద్రాణమనడం కొంచెం కష్టమైంది. కమిషనర్ ఆలోచించి, అది నిద్రలో కలవరించడమని తేల్చారు.

కల్యాణ మండపం దగ్గర చిన్న చిక్కొచ్చింది. వేలం నాడు లోపల ఆఖరి పెళ్లి జరుగుతోంది. ముహూర్తం మార్చలేరు, వేలం తేదీ మార్చలేరు. అంచేత ఓ పక్క పీటల మీద పెళ్లి, ఓ పక్క కుర్చీల్లో వేలం. కోదండపాణి "ఒకటోసారి... రెండోసారి..." అనేసరికి అవతల పురోహితుడు వేలెత్తాడు. గట్టిమేళం మోగింది. ఆ మోతలో మూడోసారి ఎవరికీ వినబడలేదు. పున్నారావు కంటే ఎక్కువ పాడదామని నోరు తెరిచి కూచున్న ఓ బియ్యం వ్యాపారి, తనకి మూడో పిలుపే అందలేదని పైదాకా ఫిర్యాదు చేశాడు.

నిరంజన్ గారు న్యాయమైన మనిషి. వెంటనే సవరణ జారీ చేశారు. 'ఇకమీదట పాటదారులలో ఏ ఒక్కరు కోరినను మూడు పిలుపులను మొదటినుండి మరల పిలువవలెను. కోరిక సమంజసమా కాదా అని విచారించరాదు.' కింద సంతకం, దాని కింద ముద్ర. కోదండపాణి దాన్ని తక్కిన షరతులతో పాటు కుట్టి దాచాడు, దాని సంగతి మర్చిపోయాడు కూడా.

వచ్చిన సొమ్ముతో నగరం నుంచి సలహాదారులు దిగారు. వాళ్లు వారాల తరబడి ఊరంతా తిరిగి, చివరికి గాజుపెట్టెలో ఓ ఊరు పట్టుకొచ్చారు. అదే పునరభివృద్ధి చెందిన తుమ్మలేరు నమూనా. భోజనాల బల్లంత ఉంది. మీట నొక్కితే దీపాలు వెలుగుతాయి. బుల్లి చెట్లు, బుల్లి కార్లు, బొద్దుగా ఉన్న బుల్లి జనం. ఒక్క దోమ లేదు.

కోదండపాణి వంగి చూశాడు. బురుజుల్లాంటి మేడల మధ్య 'పఠన వికాస కేంద్రం' అని ఓ భవనం ఉంది. పక్కన 'మాతృ సంక్షేమ సౌధం'. ఆ పక్కన 'మహిళా నైపుణ్య ప్రాంగణం'. ఇంకొంచెం అవతల 'పౌర వివాహ వేదిక'.

"సార్," అన్నాడు మెల్లగా, "ఇవన్నీ మనకి నిన్నమొన్నటిదాకా ఉన్నవే కదండీ?"

"ఉన్నవే," అన్నారు కమిషనర్ ఓపిగ్గా. "ఉన్నవాటికి గ్రాంటు రాదండి. లేనివాటికే వస్తుంది. ముందు లేకుండా చేసుకోవాలి."

కోదండపాణి మీట నొక్కి దీపాలార్పాడు.

అప్పటికీ వాటా పూర్తి కాలేదు. సలహాదారుల ఫీజు వాటాలోంచే పోవడం వల్ల, అమ్మినకొద్దీ ఇంకా అమ్మవలసి వస్తోంది. దాంతో కమిషనర్ చూపు మునిసిపల్ ఆఫీసు మీదే పడింది. ఇది కూడా నిద్రపోతున్న ఆస్తి అని ఆయన ప్రకటించినప్పుడు మధ్యాహ్నం మూడయింది. చుట్టూ చూసినవాళ్లెవరికీ కాదనడానికి ఆధారం దొరకలేదు.

ఆఫీసు కొన్నది కూడా పున్నారావే. దాన్ని తిరిగి మునిసిపాలిటీకే అద్దెకిచ్చాడు. మొదట్లో మర్యాదగా వరండాలో నాలుగు బస్తాలు పెట్టుకున్నాడు. ఆనక రికార్డు రూములో పెట్టాడు. ఆనక పన్నుల విభాగానికీ ఆరోగ్య విభాగానికీ మధ్య గోడ అక్కర్లేకపోయింది, బస్తాలే గోడయ్యాయి. కమిషనర్ గదిలో ఏ ఫైలు తెరిచినా ఎండు చేపల వాసన. జనన ధ్రువపత్రం కోసం వచ్చినవాళ్లు రెండు బస్తాల మేత కొనుక్కుని వెళ్లిన సందర్భాలున్నాయి, ఏ కిటికీలో ఏమిస్తున్నారో తెలియక.

ఇక మిగిలింది ఒక్క కళామందిరం.

నోటీసు టైపు చెయ్యమన్న రోజున కోదండపాణి చేతులు కట్టుకుని కమిషనర్ బల్ల ముందు నిలబడ్డాడు. ఉద్యోగంలో చేరాక అలా ఎవరూ పిలవకుండా నిలబడటం అదే మొదలు.

"సార్, కళామందిరం నిద్రపోవట్లేదండి. ఏటా నవమికి ఊరు ఊరంతా అక్కడ కూచుంటుందండి."

"ఏడాదికి ఒక్కరోజు కళ్లు తెరిచేదాన్ని మేలుకున్నట్టు పరిగణించరు కోదండపాణి గారూ."

"మా నాన్న దాని ఇటుకలు మోశాడు సార్."

ఆ వాక్యాన్ని ఏ పద్దు కింద వెయ్యాలో నిరంజన్ గారికి తోచలేదు. "మీ నాన్నగారి శ్రమ విలువను కూడా మనం విముక్తం చేస్తున్నామన్నమాట," అన్నారు చివరికి, మనస్ఫూర్తిగానే. "పైగా కొత్త ప్రణాళికలో సాంస్కృతిక సముదాయం ఉంది. చూశారుగా, నమూనాలో."

కోదండపాణి చూశాడు. అది సరిగ్గా కళామందిరం ఉన్నచోటే ఉంది.

ఆ సాయంత్రం ఇంటి అరుగు మీద ఆయన కూలబడ్డాడు. భార్య సుభద్రమ్మ కాఫీ గ్లాసు పక్కన పెట్టింది. ఎదురుగా మస్తాన్ కూచుని ఉన్నాడు. బజార్లో టైలరు షాపు అతనిది. నవమి నాడు నాటకానికి హార్మోనియం వాయిస్తాడు. ముప్పై ఏళ్లుగా కోదండపాణి గొంతు ఎక్కడ ఎక్కుతుందో, ఎక్కడ జారుతుందో తెలిసిన మనిషి.

"ఏడుపొస్తోంది సుభద్రా," అన్నాడు కోదండపాణి. "ఊళ్లో అన్నీ నా నోటితోనే అమ్మాను. ఇప్పుడు అదీ నా నోటితోనే అమ్మాలి. ఆ హాలు లేకపోతే నేను ఉత్త మేనేజర్నే."

"వెయ్యనని చెప్పెయ్యండి," అంది సుభద్రమ్మ. "నోరేగా, నొప్పిగా ఉందనండి."

"సస్పెండ్ చేస్తారే. పెన్షనెక్కడిది?"

"అన్నా, నువ్వు కాదంటే ఇంకోడు వేస్తాడు," అన్నాడు మస్తాన్. "నువ్వే వెయ్యి. పోయేదాన్ని మనవాళ్ల చేతుల మీదుగా పంపించడం మర్యాద. ఈ నవమికి హాలుంటుందో లేదో గాని, నా పెట్టె కూడా వేలంలో ఉందంటగా?"

ఉంది. మందిరంతో పాటు అందులోని చరాస్తులు కూడా. కుర్చీలు, తెరలు, గద, హార్మోనియం. ఆ హార్మోనియం కూడా చందాలతో కొని హాలుకిచ్చిందే గనక మునిసిపాలిటీదే.

సుభద్రమ్మ ఖాళీ గ్లాసు తీస్తూ, "కొనేది పున్నారావేగా," అంది. "వెధవ, ఏటా ముందు వరసలో కూచుని మీకు నోట్లు గుచ్చేది వాడేగా. వాడికి బుద్ధి లేదా?"

"వాడికి నాటకమంటే ప్రాణమేనమ్మా," అన్నాడు మస్తాన్. "ప్రాణం వేరు, గోడౌను వేరు."

మార్చి ఆఖరి రోజు వచ్చింది. వేలం మునిసిపాలిటీ సొంత ఆవరణలోనే జరపాలని నియమం. ఊళ్లో మునిసిపాలిటీకి సొంత ఆవరణంటూ మిగిలింది కళామందిరమే. అంచేత కళామందిరం వేలం కళామందిరం వేదిక మీదే పెట్టారు. ఫలితాన్ని సాయంత్రం ఐదింటిలోగా కంప్యూటర్లో ఎక్కించాలి. ఐదు దాటితే అందులో ఎక్కించే తలుపు దానంతటదే మూసుకుంటుంది, గ్రాంటు వెనక్కి పోతుంది. కమిషనర్ వేదిక పక్కనే బల్ల వేసుకుని కంప్యూటరు తెరిచి కూచున్నారు. ఛైర్మన్ వరాలయ్య దండ వేయించుకోవడానికి సిద్ధంగా ఉన్నాడు.

పాటదారులు ఇద్దరే. ఒకడు పున్నారావు. రెండోవాడు అతని బావమరిది. కనీసం ఇద్దరు లేకపోతే వేలం చెల్లదు కాబట్టి పున్నారావు ఎక్కడికెళ్లినా బావమరిదిని వెంటేసుకుని తిరిగేవాడు.

"మేనేజరు గారూ, మొదలుపెట్టండి," అన్నారు కమిషనర్. అంతలో షరతులు తిరగేస్తూ ఆగారు. "ఒక్క నిమిషం. పని చేయు చరాస్తులను పాటదారుల సమక్షమున పని చేయించి చూపవలెను, అని ఉంది. ఇందులో పని చేసేదేముంది?"

గద పని చెయ్యదు. తెరలు ఎప్పుడో పని మానేశాయి. హార్మోనియం ఒక్కటే ఉంది.

మస్తాన్‌ని పిలిపించారు. అతను మెడలో టేపుతోనే వచ్చాడు. పెట్టె ముందు కూచుని, తిత్తి లాగి, అలవాటు ప్రకారం కోదండపాణి శ్రుతి మెట్టు మీద వేలు వేశాడు. ఆ నాదం హాలు దూలాల్లోకి ఎక్కింది. పావురాళ్లు లేచి మళ్లీ కూచున్నాయి.

"పని చేస్తోంది. సరే. చాలు," అన్నారు కమిషనర్.

మస్తాన్ వేలు తియ్యలేదు. కావాలనే తియ్యలేదా, మరిచిపోయాడా అన్నది ఊళ్లో ఇవాళ్టికీ తేలలేదు. కోదండపాణి నోటీసు చేతబట్టుకుని వేదిక మధ్యకి వచ్చాడు. ఎదురుగా తనకి తెలిసిన చీకటి, పాదాల కింద తనకి తెలిసిన చెక్కలు, చెవిలో తన శ్రుతి. చదువుదామనే నోరు తెరిచాడు. గొంతు ఆయన మాట వినలేదు.

"తుమ్మలేరు పట్టణమందూ..." అని ఎత్తుకున్నాడు సింధుభైరవిలో. "తూర్పున రాజవీథీ, పడమట పంటకాలువా, ఉత్తరమున పున్నారావు గోడౌనూ, దక్షిణమున పున్నారావు గోడౌనూ, ఈ హద్దుల నడుమ వెలసిన పురజన కళామందిరమూ..."

"కోదండపాణి గారూ, చదవండి, పాడకండి," అన్నారు కమిషనర్.

"ఉష్షు!" అన్నాడు పున్నారావు.

రోడ్డు మీద పోయేవాళ్లు హార్మోనియం విని ఆగారు. నాటకం ముందుకి జరిపారేమోనని లోపలికొచ్చి కూచున్నారు. కూరగాయలమ్మే వీరమ్మ గంప గుమ్మంలో దింపింది. పఠన మందిరం ముసలివాళ్లు ముందు వరస కుర్చీలు చూసుకున్నారు. ఎక్కడినుంచి వచ్చాడో గాని పల్లీలవాడు కూడా వచ్చాడు. కాసేపట్లో హాలు నవమి నాటి హాలయింది.

పున్నారావు తన వేలం పాట పాడాడు. బావమరిది తన విధి ప్రకారం కొంచెం తక్కువ పాడి వెనక్కి తగ్గాడు.

"ఒకటోసారీ..." కోదండపాణి గొంతులో ఇటుకలు మోసిన తండ్రి కదిలాడు. "రెండోసారీ..." ముప్పై నవములు కదిలాయి. "మూడో..." దగ్గర ఆయన ఊపిరి బిగబట్టి రాగం అందుకున్నాడు. అది కోట వీడ్కోలు రాగం. పైకి పోయింది, దూలం దగ్గర నిలబడింది, అక్కడినుంచి జారి ఏడ్చింది. హాలంతా ఊపిరి తియ్యడం మానేసింది. ముందు వరసలో పున్నారావు కళ్లు మూసుకుని తల ఊపుతున్నాడు. కళ్లవెంట నీళ్లు కారుతున్నాయి. "సారీ" అనే అక్షరాలు వచ్చి వాలబోతుండగా అతను కుర్చీలోంచి ఒక్క ఎగురు ఎగిరాడు.

"వన్స్ మోర్!"

హాలు దద్దరిల్లింది. కోదండపాణి ఠక్కున ఆగాడు.

పున్నారావు నాలిక్కరుచుకున్నాడు. "అలవాటుగా వచ్చేసింది సార్. ఎక్కించుకోకండి. నా కోరిక వాపసు తీసుకుంటున్నా."

"వన్స్ మోర్ వాపసు తీసుకుంటావా?" వీరమ్మ గుమ్మంలోంచి లేచింది. "ఏరా పున్నా, మీ వంశంలో ఎవరైనా తీసుకున్నార్రా? మీ నాన్న ఆ గోడకానుకుని నిలబడి రాత్రంతా వన్స్ మోర్‌లు కొట్టినవాడు. నీ మేత మాకొద్దు, నీ మొహం మాకొద్దు, కూచో!"

కూచున్నాడు.

కమిషనర్ షరతులు తిరగేశారు. పాటదారులలో ఏ ఒక్కరు కోరినను. మొదటినుండి మరల. విచారించరాదు. కింద తన సంతకం, దాని కింద ముద్ర. ఆయన నిజాయితీపరుడని ముందే చెప్పుకున్నాం. "మళ్లీ పిలవండి," అన్నారు నీరసంగా. "త్వరగా."

"మొదటినుంచి అంటే నోటీసుతో సహానా సార్?" అన్నాడు కోదండపాణి.

"మొదటినుంచి అంటే మొదటినుంచే!" అన్నాడు పఠన మందిరం ముసలాయన ఒకడు. ఆయన రిటైర్డు ప్లీడరు.

మస్తాన్ తిత్తి లాగాడు. మొదటిసారి తప్పు గొంతుది. రెండోసారి తప్పులో కోదండపాణికి సగం వాటా ఉందని ఒప్పుకోవాలి. తూర్పున రాజవీథిని ఆయన ఒక చుట్టు చుట్టి వచ్చాడు. పడమట కాలువలో మునిగి తేలాడు. పున్నారావు గోడౌను దగ్గర ఎంత కరుణ ఒలికించాడంటే, దాని యజమాని తువ్వాలు నోట్లో కుక్కుకున్నాడు. ఈసారి అరవకూడదని అతని పట్టుదల. మూడో పిలుపు రాగం దూలం దాటి పావురాల దాకా వెళ్లింది. పున్నారావు మొహం ఎర్రబడింది, కళ్లు తేలాయి, కాని నోరు పెగల్లేదు.

లేచింది బావమరిది.

"వన్స్ మోర్! వన్స్ మోర్ బావా, ఏమనుకోకు!"

అతనూ పాటదారే. కమిషనర్ గోడ గడియారం వంకా కంప్యూటరు వంకా చూసి, వేదిక దగ్గరికి వచ్చి చేతులు జోడించారు. "కోదండపాణి గారూ, కనీసం మధ్యమకాలంలో, కొంచెం వేగంగా పాడండి."

మూడోసారి ఏం జరిగిందో చెప్పడం వృథా. ఆయన ఆ రోజు పాడినట్టు ఏ నవమికీ పాడలేదని మాత్రం అందరూ ఒప్పుకున్నారు. రాగం మధ్యలో ఉండగా గడియారం ఐదు కొట్టింది. రాగానికి అడ్డొచ్చినందుకు ముందు వరస ముసలివాళ్లు దాన్ని కూడా "ఉష్షు" అన్నారు. కంప్యూటరు తెర మీద తలుపు మూసుకుంది.

వేలం తేలకుండానే ఆగిపోయింది, గ్రాంటు వెనక్కి పోయింది. వాటా కింద పోగుచేసిన సొమ్మెక్కడుందని చూస్తే సలహాదారుల ఫీజులకీ, సొంత ఆఫీసుకి కట్టిన అద్దెకీ సరిపోయింది. మిగిలింది గాజుపెట్టె. కోదండపాణికి సంజాయిషీ నోటీసిద్దామని కమిషనర్ కలం తీశారు గాని, ఏ షరతును ఉల్లంఘించాడో దొరకలేదు. ఉన్న షరతులన్నీ తుచ తప్పకుండా పాటించినవాడు ఆ రోజు హాల్లో ఆయనొక్కడే.

పున్నారావు నాలుగు రోజులు ఎవరికీ మొహం చూపించలేదు. అయిదోనాడు మునిసిపాలిటీకి ఖాళీ చెయ్యమని కబురుపెట్టాడు. రొయ్యల సీజను మొదలైంది, బస్తాలకి చోటు చాలట్లేదు. పురపాలక సంఘం బల్లలు, బీరువాలు నెత్తిన పెట్టుకుని, తనదంటూ మిగిలిన ఏకైక భవనానికి నడిచింది. మేకప్ గది కమిషనర్ చాంబరైంది. అద్దం చుట్టూ దీపాలుండటం వల్ల అక్కడ ఫైళ్లు బాగా కనబడుతున్నాయని ఆయనే అన్నారు. కౌన్సిల్ సమావేశాలు వేదిక మీద జరుగుతున్నాయి. ఊరు వచ్చి కూచుంటోంది. వరాలయ్య "అధ్యక్షా!" అన్నప్పుడల్లా ఎవరో ఒకరు వన్స్ మోర్ అంటున్నారు, ఆయన అంటున్నాడు. సమావేశం చూడ్డానికి వచ్చేవాళ్ల దగ్గర సైకిలు స్టాండువాడికి మంచి బేరమట.

శ్రీరామనవమి నాటికి కమిషనర్ బల్ల, కౌన్సిల్ బల్లలు పక్కకి జరిపి వేదిక ఖాళీ చేశారు. వీరకేతు మహారాజు మొహానికి రంగేసుకోవడానికి చాంబర్‌కి వెళ్తే, కమిషనర్ లేచి అద్దం ముందు కుర్చీ ఇచ్చారు. అయితే ఒక్క లోటు. కోట బొమ్మ గీసిన పాత తెరని చెద తినేసింది. రాజు దేనికి వీడ్కోలు చెబుతాడు?

"గాజుపెట్టె ఉందిగా అన్నా," అన్నాడు మస్తాన్.

పెట్టె తెచ్చి వేదిక మధ్య ఎత్తుపీట మీద నిలిపారు. మీట నొక్కారు. బుల్లి బురుజులన్నీ వెలిగాయి. పఠన వికాస కేంద్రం, మాతృ సంక్షేమ సౌధం, పౌర వివాహ వేదిక, సాంస్కృతిక సముదాయం. మహారాజు వాటి ముందు నిలబడి, గోడగోడకీ చేతులెత్తి మొక్కి, సింధుభైరవి ఎత్తుకున్నాడు. ముసలివాళ్లు తమ పఠన మందిరాన్ని చూశారు. కుట్టు కేంద్రం ఆడవాళ్లు కొంగులతో కళ్లొత్తుకున్నారు. పున్నారావు వెక్కి వెక్కి ఏడుస్తూ వెళ్లి రాజుకి నోట్లు గుచ్చి వచ్చాడు.

రాగం వాలగానే ముందుగా లేచినవారు నిరంజన్ గారు. "వన్స్ మోర్!" అని అరిచారు. అనేశాక సిగ్గుపడి కూచున్నారు. పక్క కుర్చీలో సుభద్రమ్మ ఆయనకి పల్లీల పొట్లం అందించింది.

రాజు మళ్లీ మొదటినుంచీ అందుకున్నాడు. కమిషనర్ కళ్లు తుడుచుకుని ఆవిడ వైపు వంగారు.

"అమ్మా, చివరికి రాజుకి కోట తిరిగొస్తుందా?"

"వస్తుంది నాయనా," అంది సుభద్రమ్మ. "ఇది నాటకం కదా."